కార్బన్ అరవై రెండు

ఈ ఏడాది కంప్యూటర్ మెయింటెనెన్సు పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు భిలాయి ఖుర్సీపార్‌లో మా ఇంటికి వచ్చి, "ఆంటీ, ఉద్యోగంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఒక పేజీ రాసివ్వండి" అని అడిగారు. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం దగ్గర తడబడతారు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు ఈ భాషలోనే చేతనవుతుంది. వాళ్ళకి రాని చోట వాళ్ళమ్మలు చదివి పెడతారు. పేజీ మాత్రం ఒకటితో ఆగలేదు.

నా పేరు సత్యవతి. మా నాన్న చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి భిలాయి పెద్ద ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను డిప్లొమా చదివి ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక చిన్న ప్రైవేటు ఉక్కు ఫ్యాక్టరీలో చేరాను. దాని పేరుతో మీకు పనిలేదు. పాత ఇనుము కరిగించి ఉక్కు చేసేవాళ్ళం. కిందటి డిసెంబరులో రిటైరయ్యేదాకా అక్కడి కంప్యూటర్లన్నీ నా చేతిమీదే నడిచాయి.

అసలు పని ఏమిటి

కంప్యూటర్ పాడైతే బాగుచెయ్యడమే మన ఉద్యోగమని అందరూ అనుకుంటారు. అది తేలిక. పాడైన కంప్యూటర్ దగ్గరికి వెళితే కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, వెనకాల నిలబడి ఆశగా చూస్తారు. కష్టమంతా బాగా నడుస్తున్న కంప్యూటర్‌ని మార్చవలసి వచ్చినప్పుడే.

ఆపరేటింగ్ సిస్టం తయారుచేసినవాళ్ళు కొన్నేళ్ళకోసారి ఒక తేదీ చెబుతారు. ఆ రోజు తర్వాత దానిలో ఏ లోపం బయటపడినా సరిచెయ్యరు. దొంగలకి దారి దొరికితే ఆ దారి తెరిచే ఉంటుంది. కంప్యూటర్ మాత్రం మర్నాడు కూడా మామూలుగానే నడుస్తుంది. అందుకే ఎవరూ నమ్మరు. "చల్ రహా హై నా దీదీ, ఛోడో" అంటారు. నడుస్తోంది కదా, వదిలెయ్యమని. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ మాట వింటూ వచ్చాను. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. మనం చేయి పెట్టాక కంప్యూటర్ నడవకపోతే ఆ పూట కష్టపడేది వాళ్ళు. నా మూలంగా అలా కష్టపడిన మనిషి ఒకరున్నారు. ముందు ఆ సంగతి చెప్పాలి.

నేను తుడిచేసిన డిస్కు

మా ఫ్యాక్టరీ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటరు అనే యంత్రం ఉండేది. ఫర్నేసులో కరిగిన ఉక్కు నుంచి గరిటెతో కొంచెం తీసి, చల్లార్చి, రూపాయి బిళ్ళంత ముక్క చేసి ల్యాబ్‌కి తెస్తారు. యంత్రం ఆ బిళ్ళ మీద నిప్పురవ్వ కొట్టి, ఆ వెలుగుని బట్టి ఉక్కులో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత అన్నది చెబుతుంది. పక్కనున్న కంప్యూటర్ ఆ అంకెల్ని ఫర్నేసు కంట్రోల్ రూముకి పంపుతుంది. అక్కడి మనిషి చూసి సరే అంటేనే ఉక్కు పోస్తారు. ఒకసారి కరిగించిన ఉక్కుని హీటు అంటారు. హీటు రిజల్టు కోసం కాచుకుని ఉంటుంది. ఎక్కువసేపు మాత్రం ఉండలేదు.

ఆ యంత్రాన్ని చూసుకునే కెమిస్టు జగన్నాథం. మాది ఒకే వైపు. వాళ్ళది పాలకొండ దగ్గర. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను సత్యక్కా అని పిలిచేవాడు.

నేను రిటైరవడానికి పదకొండేళ్ళ ముందు ఇలాంటి తేదీయే ఒకటి వచ్చింది. ల్యాబ్ కంప్యూటర్‌లో పాత సిస్టం తీసి కొత్తది వెయ్యాలి. ముందు బ్యాకప్ తీశాను. తెర మీద "పూర్తయింది" అని వచ్చింది. డిస్కు తుడిచి కొత్త సిస్టం వేశాను. తర్వాత బ్యాకప్ తెరిస్తే ఫోల్డర్లు ఉన్నాయి, వాటిలో ఫైళ్ళు లేవు. ప్రోగ్రాం నడుస్తూ ఉండగా తీశాను కాబట్టి అది పట్టుకుని కూర్చున్న ఫైళ్ళు ఒక్కటీ కాపీ కాలేదు.

పోయినవి కాలిబ్రేషన్ ఫైళ్ళు. ఎంత వెలుగు వస్తే ఎంత కార్బన్ అని జగన్నాథం ఏళ్ళ తరబడి ఆ యంత్రానికి నేర్పిన లెక్కలు. అవి లేకపోతే యంత్రానికి నిప్పురవ్వ కొట్టడం తప్ప ఇంకేమీ తెలియదు.

మూడు రోజులు జగన్నాథం ఆ గదిలోంచి కదల్లేదు. కార్బన్ ఎంతో ముందే తెలిసిన ప్రమాణం బిళ్ళలు ఒక్కొక్కటే పెట్టి మళ్ళీ మొదటినుంచీ నేర్పాడు. ఆ మూడు రోజులూ బిళ్ళల్ని బయటి ల్యాబ్‌కి పంపి, రిజల్టు వచ్చేదాకా ఉక్కుని ఫర్నేసులోనే వేడిచేస్తూ ఉంచారు. రెండో రోజు వాళ్ళమ్మకి పక్క ఊరు దుర్గ్‌లో కంటి ఆపరేషన్. తీసుకెళ్ళవలసినవాడు వెళ్ళలేకపోయాడు. పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు.

అప్పటి మా బాసు తివారీ సాబ్ మంచి మనిషి. నన్ను కాపాడాలనుకున్నాడు. రిపోర్టులో "హార్డ్ డిస్కు తనంతట తానే పాడైంది" అని రాసి, కింద సంతకం చెయ్యమని నా వైపు తోశాడు. నేను చేశాను.

మీరు ఈ ఉద్యోగంలో ఫైళ్ళు పోగొడతారు. ఎవరమూ దానికి అతీతులం కాము. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు డిస్కు తుడవడం కాదు, ఆ సంతకం. ఆ రిపోర్టు చదివిన మేనేజర్లు, డిస్కు పాడవుతుంటే ముందే ఎందుకు కనిపెట్టలేదని జగన్నాథాన్నే నిలదీశారు. అతను నా వైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. మర్నాటి నుంచి నన్ను మేడం అని పిలవడం మొదలుపెట్టాడు.

మళ్ళీ ఒక తేదీ

మధ్యలో ఇంకో మార్పు వచ్చింది గానీ, అప్పుడు స్పెక్ట్రోమీటరు అమ్మిన కంపెనీ తన ఇంజనీరునే పంపింది. జగన్నాథం నన్ను గది బయటే ఉంచాడు.

ఈసారి గడువు కిందటేడు అక్టోబరు మధ్యలో. ఆ రోజుకి మారని కంప్యూటర్‌ని నెట్‌వర్క్ నుంచి తీసేస్తామని హెడ్డాఫీసు రాసింది. మిగతా సెక్షన్ల కంప్యూటర్లన్నీ ఎండాకాలంలోనే పూర్తిచేశాను. ల్యాబ్ ఒక్కటి మిగిలింది. స్పెక్ట్రోమీటరు కంపెనీకి రాస్తే, మీ యంత్రం పాతదైపోయింది, కొత్త సిస్టంతో అది పనిచెయ్యదు, కొత్త యంత్రం తీసుకోండి అని జవాబు వచ్చింది. కొత్తది ఆర్డరు పెట్టి, అది వచ్చి, బిగించి, లెక్కలు నేర్పేసరికి ఏడాది తిరుగుతుంది.

అంతవరకూ నెట్‌వర్క్ లేకపోతే రిజల్టులు ఫోన్లోనే చెప్పాలి. ఫర్నేసు హోరులో ఫోన్లో అంకెలు వినడమంటే ఏమిటో కంట్రోల్ రూములో పనిచేసే సాహూని అడగాలి. సాహూ ఉతై నుంచి రోజూ మోటార్ సైకిల్ మీద వచ్చే ఛత్తీస్‌గఢీ మనిషి. ఫర్నేసు అంటే ప్రాణం. "దీదీ, పాయింట్ జీరో సిక్స్ అంటే పాయింట్ సిక్స్ అని వినిపిస్తుంది. ఏక్ దిన్ గలత్ మాల్ ఢాల్ దూంగా" అన్నాడు. ఏదో ఒకరోజు తప్పుడు ఉక్కు పోసేస్తానని అతని భయం. ఆ తప్పుడు ఉక్కు తీగ అవుతుంది, మేకు అవుతుంది, ఎవరి ఇంటికో వెళుతుంది.

కొత్త బాసు మిశ్రా సాబ్ నన్ను పిలిచి, "సత్యవతీ జీ, కర్ సక్తీ హైఁ?" అని అడిగాడు. చెయ్యగలరా అని.

చేస్తానని ఎప్పుడూ ముందే చెప్పకండి. చూసి చెబుతానన్నాను.

జగన్నాథం

చూడాలంటే ల్యాబ్‌లోకి వెళ్ళాలి. వెళ్ళాలంటే జగన్నాథం ఒప్పుకోవాలి. పదకొండేళ్ళుగా నేను గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వచ్చేసేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతను ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"జగన్నాథం గారూ, ఒక మాట చెప్పాలి. ఆ రోజు డిస్కు పాడవలేదు. నేనే తుడిచేశాను. బ్యాకప్ తెరిచి చూడకుండా తుడిచేశాను."

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "నాకు తెల్దేటి మేడం? ఆ పూటే తెలుసు. పాడైన డిస్కుకి కొత్త సిస్టం ఎలగ ఎక్కిద్ది?"

"మరి అడగలేదేం?"

"నీ నోటంట వింటానేమో అని చూసేను. ఒకేడు చూసేను, రెండేళ్ళు చూసేను. ఆపైన చూడ్డం మానీసేను. ఫైళ్ళు పోయినందుకు కాదు నాకు. మూడు రోజుల్లో మళ్ళీ చేసుకున్నాను. అందరి ముందూ నన్ను నిలబెట్టి అడుగుతుంటే నువ్వు గోడ చూస్తన్నావు. అదీ నా బాధ."

తప్పు నాదేనని ఇప్పుడైనా కాగితం మీద రాసిస్తానన్నాను. "ఇప్పుడెవుడు చదువుతాడు? ఆ మేనేజర్లు ఎవులూ లేరు" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని లేచాను.

"కూకో," అన్నాడు. "మెషిన్ ఏటి చేస్తావు? అది చెప్పు."

చెప్పాను. పాత కంప్యూటర్‌ని ముట్టుకోను. కొత్తది పక్కన పెట్టి సిద్ధం చేస్తాను. రెండింటిలో ఏది నమ్మాలో తేల్చేది మీరు, నేను కాదు.

అతను షరతు పెట్టాడు. పద్నాలుగు రోజులు ప్రతి హీటు బిళ్ళనీ ముందు పాత కంప్యూటర్ మీద, తర్వాత కేబుల్ మార్చి కొత్తదాని మీద పరీక్షిస్తాడు. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తాడు. ఒక్కటి తేడా వచ్చినా మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.

సరేనన్నాను.

పాతదాన్ని ముట్టుకోకుండా

ఇక్కడ కొంచెం పని సంగతి రాస్తాను, ఓపికగా చదవండి.

పాత కంప్యూటర్ డిస్కుకి పూర్తి నకలు తీశాను. ఈసారి ముందే ప్రోగ్రాం ఆపి తీశాను. ఆ నకలుని వేరే కంప్యూటర్‌కి తగిలించి, జగన్నాథాన్ని పిలిచి, కాలిబ్రేషన్ ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. అన్నీ ఉన్నాయని అతను చెప్పాకే తర్వాతి పనికి వెళ్ళాను. బ్యాకప్ తీశామని ఎవరైనా చెబితే, తెరిచి చూశారా అని అడగండి. చూడలేదంటే తియ్యలేదనే లెక్క.

స్పెక్ట్రోమీటరు కేబుల్ వచ్చి పాత కంప్యూటర్ లోపలున్న ఒక పచ్చ కార్డుకి తగిలేది. కంపెనీ దాన్ని తమ ప్రత్యేక కార్డు అనేది. కొత్త కంప్యూటర్‌లో ఆ కార్డు పట్టే చోటే లేదు. కొత్త సిస్టంతో పనిచెయ్యదని వాళ్ళు చెప్పింది అందుకే.

ఆ కార్డు ఇంకోటి స్టోర్సులో స్పేర్‌గా ఉంటే తెచ్చి, భూతద్దం పెట్టి దాని మీది చిప్ నంబరు చదివాను. అది ఏ బజార్లోనైనా దొరికే మామూలు సీరియల్ పోర్టు చిప్పు. మా తూకం కాటా నుంచి అంకెలు వచ్చేది కూడా అలాంటి పోర్టులోంచే. ప్రత్యేకం ఏమీ లేదు, పైన వాళ్ళ స్టిక్కర్ తప్ప. అంటే ఆ యంత్రం మాట్లాడేది కాటా మాట్లాడే భాషే. ఆ సంగతి తెలిసిన క్షణం నేను కుర్చీలోంచి లేచి గదంతా రెండు చుట్లు తిరిగాను. పక్క సీటులో ఉన్నవాళ్ళు ఏమైందని అడిగారు.

యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ ఒకటి తగిలించాను. యంత్రం పలికింది గానీ పది నిమిషాలకోసారి మాట తెగిపోయింది. కాటాల దగ్గర వాడే గట్టి రకం కేబుల్ తెచ్చి పెడితే రోజంతా తెగలేదు. ప్రోగ్రాం కొత్త సిస్టంలో ఎక్కనని మొరాయిస్తే, అది పాత సిస్టమేనని దాన్ని నమ్మించే సెట్టింగు ఒకటుంటుంది, అది పెట్టాను. కాలిబ్రేషన్ ఫైళ్ళు ఎక్కించాను.

మొదటి బిళ్ళ పెట్టింది జగన్నాథమే. పాత కంప్యూటర్‌లో కార్బన్ 0.062. కేబుల్ మార్చి, అదే బిళ్ళ మీద ఇంకోచోట రవ్వ కొట్టాడు. కొత్తదాంట్లో 0.062.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, పుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కన రాసి, పైన "ఒకటో రోజు" అని పెట్టాడు.

బొగ్గు

ఆరు రోజులు ఒక్క తేడా రాలేదు. నేను లోలోపల పొంగిపోతున్నాను. మిశ్రా సాబ్ అప్పుడే హెడ్డాఫీసుకి దాదాపు అయిపోయిందని చెప్పేశాడు.

అయితే ఆ ఆరు రోజులూ కంట్రోల్ రూముకి రిజల్టు పంపుతున్నది పాత కంప్యూటరే. కొత్తదాన్నుంచి పంపి ఇంకా చూడలేదు. ఏడో రోజు ఒక దొంగ హీటు నంబరు పెట్టి పంపుదామనుకున్నాం. కావాలంటే నేను ల్యాబ్‌లోనే కూర్చుని, తెర మీద "పంపబడింది" అన్న మాట చూసి సంతోషించవచ్చు. కానీ తెర మీద "పూర్తయింది" అన్న మాటని నమ్మి ఒకసారి దెబ్బతిన్నదాన్ని. అందుకని నడుచుకుంటూ కంట్రోల్ రూముకి వెళ్ళి సాహూ పక్కన నిలబడి, పంపమని జగన్నాథానికి ఫోన్ చేశాను.

సాహూ తెర మీద అంకెలు వచ్చాయి. అతను ముందుకు వంగి చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు.

"దీదీ, యే లోహా నహీఁ, కోయ్లా హై!"

ఇది ఇనుము కాదు, బొగ్గు. తెర మీద కార్బన్ 62 అని ఉంది.

నాకు నవ్వు రాలేదు. ల్యాబ్‌లో 0.062 బయలుదేరి ఇక్కడికి 62గా వచ్చింది. దారిలో చుక్క పోయింది.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అవతల జగన్నాథం "వొచ్చిందా?" అంటున్నాడు. ఏదో సర్దిచెప్పి, లోపం పట్టుకున్నాక తీరిగ్గా చెప్పవచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను.

"తప్పు వచ్చింది. అరవై రెండు అని వచ్చింది. ఎందుకో నాకింకా తెలీదు. వచ్చి చెబుతాను" అన్నాను.

"సరే అక్కా, రా. చూద్దాం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ల్యాబ్ దాకా ఎలా నడిచానో నాకు తెలియదు. లోపం పట్టుకోవడానికి సాయంత్రం అయింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని పాత కంప్యూటర్ సెట్టింగులు ఒక్కొక్క పేజీ తెరిచాం. కనిపెట్టింది నేను కాదు, జగన్నాథం. "ఇదేటి, ఈ పాతదాంట్లో దేశం ఇండియా కాదు?" అన్నాడు.

మధ్యలో వచ్చి సిస్టం మార్చిన ఆ కంపెనీ ఇంజనీరు విదేశీయుడు, అంకెల పద్ధతిని తన దేశానిదే పెట్టి వెళ్ళాడు. అక్కడ దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. వేలు, లక్షలు విడదీయడానికి చుక్క వాడతారు. ల్యాబ్ తెర మీద రెండింటిలోనూ చుక్కే కనిపిస్తుంది, ఈ పద్ధతి పనికొచ్చేది పంపేటప్పుడు మాత్రమే. రిజల్టు పంపే ప్రోగ్రాం కూడా అతను అదే పద్ధతిలో రాశాడు. కామా కనిపిస్తే దశాంశం అనుకుంటుంది, చుక్క కనిపిస్తే అక్కర్లేదని తీసేస్తుంది. నేను కొత్త కంప్యూటర్‌లో అందరికీ పెట్టినట్టే మన పద్ధతి పెట్టాను. 0.062 లోని చుక్కని అది తీసి పారేసింది.

ఒక్క సెట్టింగు మారిస్తే సరిపోయింది. మళ్ళీ పంపాం. సాహూ ఫోన్ చేసి, "అబ్ లోహా హై దీదీ" అన్నాడు. ఇప్పుడు ఇనుమేనని.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక కూడా నన్ను ఒకటే ఆలోచన తినేసింది. అంకె మరీ వింతగా ఉంది కాబట్టి సాహూ నవ్వాడు. నమ్మేటట్టుగా ఉన్న తప్పుడు అంకె వచ్చి ఉంటే ఉక్కు పోసేవాడు. కొత్త కంప్యూటర్ పెట్టేముందు పాతదాంట్లోని ప్రోగ్రాములు, కేబుళ్ళు అన్నీ రాసుకున్నాను గానీ, అంకెల పద్ధతి రాసుకోలేదు. మీరు రాసుకోండి. తేదీ ఎలా రాస్తుంది, గడియారం ఏ దేశానిది, దశాంశానికి ఏం పెడుతుంది, అన్నీ. చూడవలసింది మీ ముందున్న తెర ఒక్కటే కాదు. అవతల ఆ అంకెని నమ్మి పనిచేసే మనిషి తెర దగ్గరికి వెళ్ళి నిలబడి చూడండి.

జగన్నాథం పుస్తకంలో ఏడో రోజు దగ్గర అడ్డంగా గీత గీసి, కింద మళ్ళీ "ఒకటో రోజు" అని రాశాడు. నేను సరేనని తలూపాను.

మిశ్రా సాబ్

మిశ్రా సాబ్ మాత్రం ఊరుకోలేదు. గడువు దగ్గరపడుతోంది, ఇప్పుడు మళ్ళీ పద్నాలుగు రోజులంటే ఎలా అన్నాడు. లోపం దొరికింది, సరైపోయింది, ఇక రిపోర్టు ఇచ్చెయ్యమన్నాడు. నేను ఇచ్చిన రిపోర్టులో కార్బన్ 62 సంగతంతా ఉంది, దానికి కారణం నేనని కూడా ఉంది. అది చదివి, "యే లిఖ్నా జరూరీ హై?" అన్నాడు. ఇదంతా రాయడం అవసరమా అని.

"హాఁ సర్. రాయకపోతే నా తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ ఇదే చేస్తారు."

"హెడ్డాఫీసువాళ్ళు ప్రశ్నలు అడుగుతారు."

"అడిగితే నన్ను అడగమనండి సర్. ల్యాబ్‌వాళ్ళని మాత్రం అడగవద్దని మీరు చెప్పాలి."

ఆయన చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, తేదీకి భయపడే మనిషి. అలాంటి బాసులే మీకు ఎక్కువమంది దొరుకుతారు. వాళ్ళతో వాదించకండి, చేతిలో కాగితం పెట్టి ఎదురుగా కూర్చోండి. చివరికి సంతకం చేశాడు. గడువుకి వారం ముందు అయిపోతుందని నా లెక్క చూపిస్తే, "ఏక్ దిన్ భీ జ్యాదా నహీఁ" అన్నాడు. ఒక్క రోజు కూడా ఎక్కువ కాకూడదని.

ఆయన్ని గురించి ఇంకోటి కూడా చెప్పాలి. హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ల్యాబ్‌వాళ్ళ తప్పేమీ లేదని నేను వింటూ ఉండగానే చెప్పాడు.

ఆ హీటు

రెండోసారి పద్నాలుగు రోజులూ గడిచాయి. ప్రతిరోజూ రెండు అంకెలూ కలిశాయి. దొంగ హీటు నంబర్లతో పంపినవన్నీ చుక్క చెదరకుండా చేరాయి.

పదిహేనో రోజు పొద్దున్న జగన్నాథం నాకు ఫోన్ చేసి, "ఇయ్యాల పదిగంటల హీటు కొత్తదాని మీద పంపుతాను. పాతది ఆపీసేను" అన్నాడు. ఆపమని నేను చెప్పలేదు. తనే ఆపాడు.

నేను కంట్రోల్ రూములో సాహూ పక్కన ఉన్నాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ గదికి వచ్చానో లెక్కలేదు. ఎప్పుడూ బల్ల కింద దూరి కేబుళ్ళు చూసుకుని వెళ్ళిపోవడమే. అద్దంలోంచి ఫర్నేసు వైపు తీరిగ్గా చూసింది లేదు. ఆ రోజు చూశాను. గరిటెతో శాంపిల్ తీశారు. ఒక మనిషి దాన్ని పట్టుకుని ల్యాబ్ వైపు పరుగెత్తాడు.

అక్కడి నుంచి నాలుగు నిమిషాలు. సాహూ ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను తెర మీద పెట్టి కూర్చున్నాడు. ఫోన్ చేసి ఏమైందని అడగాలనిపించింది నాకు. చెయ్యలేదు.

తెర మీద వరుస వచ్చింది. కార్బన్ 0.058. మాంగనీసు, సిలికాన్, గంధకం, అన్నీ వాటి వాటి హద్దుల్లో.

సాహూ ఒకసారి పైనుంచి కిందికి చదివాడు. నావైపు చూడలేదు. మైకు అందుకుని, "సహీ హై. ఢాలో" అన్నాడు. సరిగ్గా ఉంది, పొయ్యమని.

ఫర్నేసు మెల్లగా ఒరిగింది. అంచు మీంచి ఉక్కు బయటికి దూకింది. అద్దం మీద, సాహూ ముఖం మీద, నా చేతుల మీద ఆ కాంతి నారింజ రంగులో పరుచుకుంది. పాతదైపోయింది, పనికిరాదు, పారెయ్యమన్న యంత్రం చెప్పిన అంకెని నమ్మి అంత ఉక్కు పోస్తున్నారు. ఆ అంకె నా కేబుల్ మీదుగా వచ్చింది. నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. సాహూ ఉలిక్కిపడి, తర్వాత తనూ పెట్టాడు.

ఫోన్ మోగింది. జగన్నాథం. "పోసేరా?"

"పోస్తున్నారు."

"మరేటి, ఏడుస్తన్నావేటక్కా?"

"లేదు. పొగ."

"కంట్రోల్ రూముకి ఏసీ ఉంది కదా, పొగెక్కడిది?" అని నవ్వాడు. పదకొండేళ్ళ తర్వాత అతని నవ్వు విన్నాను.

గడువు రోజు

అక్టోబరులో ఆ తేదీ వచ్చింది. హెడ్డాఫీసు జాబితాలో మా ఫ్యాక్టరీ కంప్యూటర్లన్నిటి పక్కనా పచ్చ గుర్తు ఉంది. మా కంపెనీకున్న ఫ్యాక్టరీలన్నిటిలో ల్యాబ్‌తో సహా అన్నీ పూర్తిచేసింది మేమొక్కళ్ళమే. మిగతా ఫ్యాక్టరీలవాళ్ళు ఆ కేబుల్ ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోన్లు చేస్తున్నారు. చెబుతున్నాను. కామా సంగతి మాత్రం అడక్కపోయినా ముందే చెబుతున్నాను.

ఆ రోజు నాకు ల్యాబ్‌లో పనేమీ లేదు. ఊరికే ఒకసారి చూడాలనిపించి వెళ్ళాను. జగన్నాథం బిళ్ళలు సానపడుతున్నాడు.

"ఏటక్కా, ఇలగొచ్చేవు?"

"ఇవాళే కదా ఆఖరి రోజు."

గాభరాగా తలెత్తాడు. "నీదా? డిసెంబర్లో కదా?"

"నాది కాదు. పాత సిస్టంది. దాని సపోర్టు ఇవాళ్టితో ఆఖరు."

"ఏ పాత సిస్టం?" అన్నాడు, నిజంగానే గుర్తురాక.

నేను జవాబు చెప్పేలోపు శాంపిల్ వచ్చింది. అతను బిళ్ళ అందుకుని యంత్రం వైపు తిరిగిపోయాడు. నాలుగు నిమిషాల్లో రిజల్టు వెళ్ళింది. అతను మళ్ళీ అడగలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. అక్కడే కూర్చుని ఒక టీ తాగాను. ల్యాబ్ మెట్లు దిగుతుంటే మొదలైన నవ్వు గేటు దాటేదాకా ఆగలేదు.